నా అనుభవం: అమెరికాలో ఇంటర్న్‌షిప్, మామయ్య బోటు లెక్కల పుస్తకం

ఇంటర్న్‌షిప్‌కి అనుమతి (సీపీటీ) పడిన ఐ-20, అంటే అమెరికా యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం, చేతికొచ్చి మూడు వారాలైంది. అక్క పెళ్ళికని వైజాగ్ వచ్చాను. వచ్చే ఆదివారం తిరుగు ప్రయాణం, ఆ తర్వాతి వారమే ఇంటర్న్‌గా చేరాలి. పెళ్ళిలో కనీసం పదిమంది పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు ఒకటే అడిగారు, ఇంటర్న్‌షిప్ ఎలా తెచ్చుకున్నావని. భోజనాల దగ్గర ఒక్కొక్కరికీ సగం సగం చెప్పాను. ఇప్పుడు పూర్తిగా రాస్తున్నాను. ఇందులో ఇంట్లో వాళ్ళకి కూడా మొన్నటిదాకా చెప్పని సంగతి ఒకటుంది.

పోయిన ఆగస్టులో ఒహాయోలో డేటా అనలిటిక్స్ ఎం.ఎస్.లో చేరాను. నలభై లక్షల లోను. క్యాంపస్ డైనింగ్ హాల్లో పని దొరికింది. క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు మించకూడదు. ఆ పని లెటర్ చూపిస్తే సోషల్ సెక్యూరిటీ నంబరు (జీతానికీ పన్నులకీ కావాల్సింది) వచ్చింది. ఇదంతా తేలిగ్గానే అయిపోయింది.

ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద చదివేవాళ్ళు బయటి కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేయాలంటే సీపీటీ అనే అనుమతి ఉండాలి. మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే అది ఇస్తారు. ఆగస్టులో చేరినవాళ్ళకి మే నెలకి ఆ అర్హత వస్తుంది కాబట్టి అందరి చూపూ వేసవి మీదే. కానీ పెద్ద కంపెనీలు చాలావరకు ఆ వేసవి పోస్టుల్ని ముందటి ఆగస్టు, సెప్టెంబరుల్లోనే తెరిచేస్తాయి. మనం అక్కడ దిగి, పరుపు కొనుక్కుని, బస్సు రూట్లు నేర్చుకునేలోపు సగం మూసుకుపోతాయి. ఈ ముక్క నాకు వైజాగ్‌లో ఒక్కరూ చెప్పలేదు. నా అప్లికేషన్ పెట్టించిన కన్సల్టెన్సీ వాళ్ళు సూట్‌కేసులో ఎన్ని కిలోల పచ్చళ్ళు పెట్టుకోవచ్చో చెప్పారు గానీ ఇది చెప్పలేదు. వీసా స్టాంపయిన రోజు నుంచే రెజ్యూమె పని మొదలుపెట్టండి.

ఆ రెజ్యూమె సంగతే చెప్పాలి. ఇక్కడ మనం రాసే పద్ధతి వేరు. ఫొటో, పుట్టిన తేదీ, నాన్న పేరు, అడ్రసు, చివర్లో "పైన పేర్కొన్న వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను" అని సంతకం. అక్కడ ఇవేవీ పెట్టరు. ఒకటే పేజీ. నేను అవన్నీ తీసేసి పేజీకి కుదించాను. ఆ పేజీలో అన్నిటికన్నా పైన, లావు అక్షరాలతో ఉన్నది మాత్రం బీటెక్‌లో చేసిన ఇంటర్న్‌షిప్. "మెషిన్ లెర్నింగ్ ఇంటర్న్, ఎనిమిది వారాలు. ఇళ్ళ ధరలను 97 శాతం యాక్యురసీతో అంచనా వేసే మోడల్ నిర్మాణం."

సెప్టెంబరు నుంచి జనవరి దాకా 212 అప్లికేషన్లు పెట్టాను. లింక్డ్‌ఇన్, యూనివర్సిటీ ఇచ్చిన హ్యాండ్‌షేక్ అనే ఉద్యోగాల సైటు, కంపెనీల సొంత సైట్లు, దేన్నీ వదల్లేదు. మనిషి అన్నవాడు రాసిన జవాబులు తొమ్మిది. ప్రతి ఫారంలోనూ ఒక ప్రశ్న ఉంటుంది, ఇప్పుడు గానీ ముందు ముందు గానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్ (మన తరఫున కంపెనీ ఉద్యోగ వీసాకి దరఖాస్తు చేయడం) కావాల్సి వస్తుందా అని. అక్కడే ఉండి ఉద్యోగం చేయాలనుకుంటే నిజమైన జవాబు "అవును". చాలామంది భయపడి "కాదు" అని పెడతారు. పెట్టొద్దు. సీపీటీకి కంపెనీ ఎలాంటి పిటిషనూ వేయక్కర్లేదు, ప్రభుత్వానికి ఫీజు కట్టక్కర్లేదు, అనుమతి ఇచ్చేది మన యూనివర్సిటీయే. హెచ్.ఆర్. వాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. అబద్ధం టిక్కు పెట్టే బదులు ఇది రెండు ముక్కల్లో వాళ్ళకి చెప్పగలగాలి.

ఫిబ్రవరిలో ఒక బీమా కంపెనీ నుంచి పిలుపొచ్చింది. హెచ్.ఆర్. రౌండు దాటాను. రెండోది వీడియో కాల్. ఇంటర్వ్యూ చేసినాయనకి యాభై ఏళ్ళుంటాయి, నీలం చొక్కా, వెనక గోడ మీద పిల్లలు వేసిన బొమ్మ. చాలా మర్యాదగా మాట్లాడాడు. నా రెజ్యూమె ముందు పెట్టుకుని అడిగాడు:

"ఇళ్ళ ధరల మోడల్‌కి 97 శాతం యాక్యురసీ అని రాశారు. ఇక్కడ 97 అంటే ఏమిటి?"

వందలో తొంభై ఏడు సరిగ్గా చెప్పిందన్నాను.

"మూడు లక్షల డాలర్ల ఇంటిని మీ మోడల్ మూడు లక్షల వెయ్యి అని చెప్పిందనుకోండి. అది సరైనదా, తప్పా?"

నోట మాట రాలేదు. తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఈ మెయిల్ చెత్తదా కాదా లాంటి రెండు ముక్కల్లో తేలే వాటికి యాక్యురసీ శాతం చెప్తారు. ధర అనేది అంకె. అక్కడ మోడల్ సగటున ఎన్ని డాలర్ల తేడాతో తప్పుతోందో చెప్పాలి. ఇది నాకు తెలియంది కాదు. మొదటి సెమిస్టర్లోనే చదివాను, ఆ పేపర్లో ఎ గ్రేడు వచ్చింది. తెలిసి కూడా నా రెజ్యూమెలో ఆ వాక్యాన్ని ఒక్కసారి సరిగ్గా చదువుకోలేదు, ఎందుకంటే అది నేను రాసింది కాదు.

డేటాలో ఖాళీగా ఉన్న గడుల్ని ఏం చేశారని అడిగాడు. తీసేశామన్నాను. ఎన్ని అన్నాడు. చెప్పలేకపోయాను. డేటా ఎక్కడిదన్నాడు. అదీ చెప్పలేకపోయాను. అప్పుడు ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మిమ్మల్ని బాధపెట్టాలని కాదు. ఇదే వాక్యం, ఇదే 97, ఈ వారం ఇంకో రెజ్యూమెలో చదివాను. అది కూడా మీ ఊరి నుంచే."

ఆ తర్వాత థాంక్స్ చెప్పి కాల్ పెట్టేశాడు. తెర మూల గడియారం చూశాను. పదకొండు నిమిషాలు. ఇంటర్వ్యూకి ఇచ్చిన సమయం ముప్పావుగంట. సాయంత్రం ఐదింటికి డైనింగ్ హాల్లో షిఫ్టు. గిన్నెలు కడిగే మిషన్ దగ్గర నిలబడి రాత్రి తొమ్మిదిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ ఇంకొకరు ఎవరో నాకు తెలుసు. మా క్లాస్‌మేటే, వేరే రాష్ట్రంలో చదువుతోంది. ఆ వాక్యం మా క్లాసులో 38 మంది రెజ్యూమెల్లో ఉంది.

ఎలా వచ్చిందంటే, థర్డ్ ఇయర్ వేసవిలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అని మా కాలేజీ చెప్పింది. ఎక్కడ చేయాలో చెప్పలేదు. ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య, మూడో అంతస్తులో ఒక ట్రైనింగ్ సెంటరు ఉందని సీనియర్లు చెప్తే అందరం కలిసి వెళ్ళాం. తలకి మూడువేల అయిదొందలు. మూడు రోజులు క్లాసు. నాలుగో రోజు హోలోగ్రాం అంటించిన సర్టిఫికెట్, దాంతోపాటు ప్రాజెక్టు రిపోర్టు ఉన్న పెన్‌డ్రైవ్. ఎనిమిది వారాలు అని తేదీలు వాళ్ళే వేసుకున్నారు. రెజ్యూమెలో ఎలా రాయాలో కూడా ఒక కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చారు. మా హెచ్.ఓ.డి. ఆ సర్టిఫికెట్లు కట్టకట్టి తీసుకుని, మార్కులు వేసి పంపేశారు. ఏం చేశారమ్మా అని ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ సెంటరు మీద కన్నా నాకు ఆ కట్ట మీదే ఎక్కువ కోపం. ఇరవై ఏళ్ళ పిల్లలకి అబద్ధం రాయడం అలవాటు చేసి, దానికి క్రెడిట్లు ఇచ్చారు. నేను డబ్బు కట్టాను, సంతకం పెట్టాను, ఆ తప్పు నాది. కానీ అది తప్పని చెప్పాల్సిన మనిషి ఆ గదిలో ఉండి కూడా చెప్పలేదు.

ఇది చిన్న అబద్ధం అనుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇదే దారిలో ముందుకెళ్తే అక్కడ మనవాళ్ళే నడిపే దొంగ ఎక్స్‌పీరియన్స్ దుకాణాలు ఉంటాయి. లేని ఉద్యోగం ఉన్నట్టు కాగితాలు పుట్టిస్తారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని బయటపడింది గుర్తుందా? క్లాసుల్లేవు, పాఠాల్లేవు, పేరు మాత్రమే. నడిపింది అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ వాళ్ళే. సీపీటీ కోసమని అందులో చేరి ఇరుక్కున్నవాళ్ళలో తెలుగు పిల్లలు ఎంతోమంది. 

ఆ రాత్రే ఆ మూడు లైన్లు తీసేశాను. పేజీలో పెద్ద ఖాళీ మిగిలింది. వారం రోజులు అలాగే ఉంది.

మా మామయ్యకి ఫిషింగ్ హార్బర్లో రెండు బోట్లున్నాయి. బీటెక్ సెకండ్ ఇయర్ నుంచి ఆ బోట్ల లెక్కలు నేనే ఎక్సెల్‌లో ఎక్కిస్తాను. ఒహాయో వెళ్ళాక కూడా ప్రతి వేటకీ పుస్తకం పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు. ఒక శనివారం రాత్రి నేను ఫోన్లో "మామయ్యా, ఇది లీటర్లా రూపాయలా?" అని అరుస్తుంటే పక్క మంచం మీదున్న నా రూమ్మేట్, శ్రీకాకుళం అక్క లేచి కూర్చుంది. ఏం చేస్తున్నావని ల్యాప్‌టాప్ లాక్కుని చూసింది.

"ఎన్నేళ్ళ లెక్కలే ఇవి?"

"నాలుగు."

"మరి ఇది రెజ్యూమెలో ఎట్టలేదేటే?"

చేపల బోటు లెక్కలు రెజ్యూమెలోనా అన్నాను. నిజానికి అప్పటిదాకా నాకది నామోషీగానే ఉండేది. ఆ మాట కూడా ఇక్కడ దాచను.

ఆ పుస్తకంలో ఏముంటుందో చెప్తాను. చారల పుస్తకం, ఉప్పునీటికి అంచులు ఉబ్బి ఉంటాయి. ఒక్కో వేటకి ఒక పేజీ. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు, డీజిలు, ఐసు దిమ్మలు, సరుకులు, తర్వాత ఏ రకం ఎన్ని కిలోలు, ఎంతకి పోయింది, కళాసీల (బోటు మీద పనివాళ్ళ) వాటాలు. డీజిల్ని మామయ్య ఒకసారి లీటర్లలో రాస్తాడు, ఇంకోసారి కట్టిన డబ్బుగా రాస్తాడు. ఆ రోజు బంకు రేటు వెతికి లీటర్లలోకి మార్చాలి. తడిసి అలికిపోయిన పేజీలు పదిహేడు. అందులో పదకొండు సరంగుని (బోటు నడిపే మనిషిని) అడిగి పూరించాను, ఆరు వదిలేశాను, వదిలేశానని పక్కనే రాసుకున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్ని సున్నా ఆదాయం కింద కలిపేస్తే సగటు మొత్తం తప్పుతుంది, అందుకని పక్కకి తీశాను. ఇవన్నీ పెట్టి చూస్తే ఒకటి కనిపించింది. పన్నెండు రోజులు దాటిన వేటల్లో సరుకు ఎక్కువే వస్తోంది గానీ రొయ్యకి కిలో రేటు పడిపోతోంది. ఐసు కరిగి మొదట పట్టిన సరుకు మెత్తబడుతోంది. మామయ్యకి చెప్తే "ఐసు లెక్క నాకు చెప్తావేటమ్మా" అన్నాడు. అన్నాడే గానీ ఆ తర్వాత మూడు వేటలకి బోటుని పదకొండో రోజే తిప్పించాడు.

ఇదే రాశాను. నాలుగేళ్ళు, రెండు బోట్లు, ఎన్ని పేజీలు, ఏం సరిచేశాను, ఏం తేలింది. అయిదు లైన్లు. ఆ తర్వాత కనిపించిన ప్రతి పోస్టుకీ నొక్కడం మానేశాను. పాడైపోయే సరుకుతో పనిచేసే కంపెనీల్ని వెతికాను: కోల్డ్ స్టోరేజీలు, పాలు, ఆహార పంపిణీ. పెద్ద పేర్లు కాదు. కెరీర్ ఫెయిర్లో జనమంతా రెండు మూడు పేరున్న స్టాళ్ళ ముందు బారులు తీరితే, ఒక ఆహార పంపిణీ కంపెనీ స్టాలు ముందు ఇద్దరే ఉన్నారు. అక్కడున్నామె రెజ్యూమె చూసి మొదట అడిగింది ఐసు గురించే. ఇరవై నిమిషాలు నిలబడి మాట్లాడుకున్నాం. రెండు వారాల తర్వాత ఇంటర్వ్యూలో "ఖాళీ గడుల్ని ఏం చేశారు" అన్న ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి పదిహేడు, పదకొండు, ఆరు అని చెప్పాను. మార్చి చివర్లో ఆఫరొచ్చింది, గంటకి 26 డాలర్లు. మా క్లాసులో నాకన్నా మార్కులు ఎక్కువ వచ్చినవాళ్ళకి ఇంకా రాలేదు. ఇది గర్వంగానే చెప్తున్నాను.

ఇక సీపీటీ కాగితాలు. ఆఫర్ లెటర్లో కంపెనీ పేరు, పనిచేసే చోటి అడ్రసు, హోదా, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, వారానికి ఎన్ని గంటలు అన్నీ ఉండాలి. నా లెటర్లో గంటలు లేవు. మళ్ళీ రాయించుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇంటర్నేషనల్ ఆఫీసు కిటికీ దగ్గర రెండుసార్లు తిప్పి పంపారు, మొదటిసారే రెండు లోపాలూ చెప్పి ఉంటే ఒక్కసారితో పోయేది. ఒక క్రెడిట్ ఇంటర్న్‌షిప్ కోర్సులో చేరాలన్నారు, దానికి ఫీజు మనమే కట్టాలి. పని చేయడానికి మనమే ఎదురు డబ్బు కట్టడం కష్టంగా అనిపించింది, కట్టాను. చివరికి ఐ-20 రెండో పేజీలో కంపెనీ పేరు, తేదీలు ముద్రించి ఇచ్చారు. ఆ తేదీకి ఒక్క రోజు ముందు కూడా పని మొదలుపెట్టకూడదు, వాళ్ళు రమ్మన్నా సరే. పూర్తికాలం సీపీటీ పన్నెండు నెలలు వాడేస్తే చదువయ్యాక పని చేసుకోడానికి రావాల్సిన ఓపీటీ అనే అనుమతి పోతుంది, వేసవి పదకొండు వారాలకి ఆ భయం లేదు. ఇండియా వచ్చే ముందు ఐ-20 మీద ప్రయాణ సంతకం చేయించుకోవడం మర్చిపోకండి.

పెళ్ళయిన మర్నాడు ఇంట్లో అందరికీ ఆ పదకొండు నిమిషాల సంగతి చెప్పాను. నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం మామయ్య హార్బర్‌కి రమ్మన్నాడు. వేట నిషేధం కదా, బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నాయి, కొన్నిటికి రంగులు వేస్తున్నారు. జూన్ 14 అర్ధరాత్రి దాటాక మళ్ళీ వేటకెళ్తారు. అప్పటికి నేను అక్కడ పనిలో ఉంటాను. మామయ్య కొత్త చారల పుస్తకం కొన్నాడు. మొదటి పేజీ మీద నేనే గళ్ళు గీసి ఇచ్చాను, డీజిలు గడి పైన పెద్ద అక్షరాలతో "లీటర్లు" అని రాసి.