కుడివైపు రంధ్రం

ఇవాళ మళ్లీ ఉప్పు గొడవే. వాన తడికి లోపలికి వచ్చినట్టుంది, బాత్రూమ్ గుమ్మం దగ్గర వేలెడంత స్లగ్ కనిపించింది. మా ఆయన చూసి "జలగ! జలగ!" అంటూ ఉప్పు డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. జలగంటే వానపాము వైపు చుట్టం, ఒళ్లంతా వలయాలుంటాయి, ఇది గుల్ల లేని నత్తండీ అన్నాను. "ఏదైతేనేం, చంపాల్సిందే కదా" అన్నారు. ఆ మాట పొద్దున్నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. ఒంట్లో నీళ్లన్నీ ఉప్పు లాగేస్తుంటే ఆ ప్రాణి నురగ కక్కుతూ మెలికలు తిరగడం పోయిన వానాకాలంలో ఆయన కళ్లారా చూశారు. అయినా మళ్లీ డబ్బా పట్టుకున్నారు.

కాగితంతో ఎత్తి పారదర్శకంగా ఉన్న డబ్బాలో వేశాను. అలవాటుగా కుడివైపు శ్వాసరంధ్రం కోసం చూశాను. లేదు.

ఆ అలవాటు డిగ్రీ మొదటి ఏడాది నుంచి ఉంది. ల్యాబ్‌లో గాజు సీసాలో తెల్లబారిపోయిన లైమాక్స్ అనే స్లగ్ ఉండేది. సీసా ఎటు తిప్పి చూశానో ఏమో, బొమ్మలో రంధ్రం ఎడమవైపు వేశాను. సార్ ఎర్ర పెన్నుతో చుట్టూ సున్నా చుట్టి, రికార్డు క్లాసంతటికీ చూపించి, "రంధ్రం ఎక్కడుందో తెలిస్తే సగం పేరు తెలిసినట్టే" అన్నారు. ఏడుపొచ్చింది కానీ పాఠం మాత్రం ఒంటబట్టింది. వీపు ముందు భాగాన జీనులా కప్పి ఉండే మాంటిల్ మీద, నడిమికి వెనగ్గా రంధ్రం ఉంటే లైమాక్స్ కుటుంబం. అది ముందుకు ఉండి, తోక చివర జిగురు గ్రంథి కూడా కనిపిస్తే ఏరియాన్ కుటుంబం. లైమాక్స్‌కి మాంటిల్ లోపల పలచని గుల్ల పలక ఇంకా మిగిలి ఉంటుంది. ఏరియాన్‌కి సున్నపు రవ్వలే మిగిలాయి.

ఇవాళ్టి దానికి జీనూ లేదు, రంధ్రమూ లేదు. తల నుంచి తోక దాకా వీపంతా ఒకటే తోలు, మధ్యలో సన్నటి లేత గీత. డబ్బా గోడ ఎక్కుతుంటే కింది నుంచి చూశాను. పాదం సన్నటి పట్టీ, దానికి రెండు పక్కలా వెడల్పాటి రేకులు. కుడి రేకు మీద సగం దూరంలో చిన్న చుక్క, అది ఆడ జననరంధ్రం. మగ రంధ్రం తల దగ్గరుంటుంది. కింది మీసాల కొసలు రెండుగా చీలి ఉన్నాయి. వెరోనిసెల్లిడే అనే వేరే స్లగ్ కుటుంబం! మలద్వారం కూడా వెనక కొసనే ఉంటుంది వీటికి.

సార్ మీద కోపమొచ్చింది కాసేపు. ఇలాంటివీ ఉంటాయని ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా! కానీ ఆయన సీసాలో ఉన్నదానికి ఆయన చెప్పింది నిజమే. తేడా అంతా స్లగ్ అనే పేరులో ఉంది. నేలమీది నత్తలు గుల్ల వదులుకోవడం ఒక్కసారి జరిగింది కాదు, వేర్వేరు వంశాల్లో ఎన్నోసార్లు జరిగింది. ఆ లైమాక్స్‌కి తోటలో గుల్ల మోసుకు తిరిగే నత్తే దగ్గర చుట్టం. నా డబ్బాలో ఉన్నదానికేమో సముద్రం ఒడ్డున అలలు తడిపే రాళ్లమీద పాకే ఓంకిడియమ్‌లనే గుల్ల లేని ప్రాణులు దగ్గర. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, అంతే.

మరి జలగ అన్న ఆయన్ని నేనెందుకంత విసుక్కున్నాను? పైగా ఆయన భయం ఊరికే వచ్చింది కూడా కాదు. ఎలుకల ఊపిరితిత్తి పురుగు ఇలాంటి వాటిలో ఉంటుంది, మెదడు దాకా వెళ్తుంది. మా చిన్న పాప ఏది దొరికినా ముట్టుకుంటుంది కదా, ఆయన టెన్షన్ దాని గురించే. అది అర్థమయ్యేసరికి రాత్రయింది. అయినా ఉప్పు మాత్రం ఒప్పుకోను.

పెరట్లో తడి ఇటుక కింద వదిలేసి చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చాను. ఉప్పు డబ్బా నా గదిలోనే ఉంది.