వెనక ఎవరూ కూర్చోకూడదట

మా వాడికి పదిహేడు నిండిన వారానికే సీబీటీ, అంటే కంపల్సరీ బేసిక్ ట్రైనింగ్, పూర్తి చేసుకొచ్చాడు. బ్రిటన్‌లో మోటార్‌సైకిల్ నడపాలంటే ముందు ఈ శిక్షణ తప్పదు. మొదట ఖాళీ స్థలంలో ఎనిమిది అంకెలా తిప్పిస్తారు. తర్వాత కనీసం రెండు గంటలు రోడ్డు మీద. ఇన్‌స్ట్రక్టర్ ఇంకో బండి మీద వెనకాలే వస్తూ రేడియోలో చెవిలో చెబుతుంటాడు. అది దాటితే ముందూ వెనకా ఎర్ర 'ఎల్' బోర్డు తగిలించుకుని రెండేళ్ల పాటు 125 సీసీ దాకా నడపొచ్చు. మోటార్‌వే ఎక్కకూడదు. వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు.

ఆ ఆఖరి రూలే నాకు మింగుడు పడలేదు.

నేను నేర్చుకున్నది తెనాలిలో, మా మావయ్య చేతక్ మీద. క్లచ్చూ గేర్లూ రెండూ ఎడమ చేతిలోనే. స్టార్ట్ కాకపోతే బండిని ఓ పక్కకి వంచి మళ్లీ కిక్కు కొట్టడమే. మావయ్య నా భుజాలు పట్టుకుని వెనక నుంచి అరుస్తుండేవాడు. ఆయన లేకుండా ఒక్కణ్ణే ఎప్పుడు నడిపానో గుర్తు లేదు. అసలు నడిపానా అని అనుమానం కూడా. వీధి చివరకి వచ్చేసరికి ఎవరో ఒకరు చెయ్యెత్తి "అబ్బాయ్, బజారు దాకా దింపు" అనేవారు.

శనివారం పొద్దున మా అమ్మ వీడియో కాల్‌లో ఉండి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించింది. వాడు బుద్ధిగా తొక్కించాడు. ఆ తర్వాత బ్రష్ తెచ్చి టైరుకంటిన రసం కడిగేశాడు. కొత్త టైర్లు అసలే జారతాయట. నాకు నవ్వొచ్చింది కానీ వాడన్నది నిజమే.

"కారులో వెనకాలే వస్తా" అన్నాను.

"వద్దు నాన్నా. అద్దంలో నిన్నే చూస్తుంటా, రోడ్ చూడను."

రీడింగ్ నుంచి పర్లీ మీదుగా ప్యాంగ్‌బోర్న్ దాకా, ఏ329 రోడ్డు. పెద్ద దూరమేం కాదు. నేను వంటింట్లో నిలబడి ఫోన్‌లో వాడి లొకేషన్ చుక్కని చూస్తున్నాను. పర్లీ దగ్గర చుక్క ఆగిపోయింది. ఒక నిమిషం. నాలుగు నిమిషాలు. ఫోన్ చేద్దామంటే, బండి మీద ఉంటే? పొయ్యి మీద టీ పొంగిపోయింది. చుక్క కదిలాకే స్టవ్ తుడిచాను.

వచ్చాక చెప్పాడు. రెండు మైళ్ల నుంచీ కుడి ఇండికేటర్ వెలుగుతూనే ఉందట. కారులోలా దానంతటది ఆగదుగా, మనమే నొక్కాలి. సిగ్నల్ దగ్గర ఒకావిడ అద్దం దించి చెప్పిందట. అది కట్టేసి, పక్కన ఆపుకుని, సిగ్గు తగ్గేదాకా అక్కడే నిలబడ్డాడట.

సాయంత్రం మా అమ్మ మళ్లీ కాల్ చేసింది.

"ఒక్కడివే వెళ్లావా? వెనక ఎవరూ లేకుండా?"

"రూల్ నాయనమ్మా. ఎవరూ కూర్చోకూడదు."

"మరి దారిలో ఎవరైనా చెయ్యెత్తితే?"

వాడికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. నేను వివరించాక మళ్లీ ఫోన్ వైపు తిరిగాడు.

"ఇక్కడ ఎవరూ చెయ్యెత్తరు నాయనమ్మా."