సేఫ్టీ కేస్‌పై సంతకం పెట్టేదాకా: నా అనుభవం

బ్రిటన్‌లో సైనిక విమానాలకు పనిచేసే ఒక చిన్న కంపెనీలో చేరిన కొత్తలో, పాత హెలికాప్టర్‌లో బిగించబోయే కొత్త పరికరానికి సేఫ్టీ కేస్ తయారు చేసే పని నాకు వచ్చింది. ఏ ప్రమాదాలు రావచ్చు, వాటికి ఏం అడ్డు వేశాం, దానికి ఆధారమేంటి అని చూపించే దస్త్రం అది. ప్రమాదాలన్నీ హజార్డ్ లాగ్ అనే పట్టికలో ఉంటాయి. డెలివరీ తేదీ దగ్గరపడే కొద్దీ అందరి కళ్లూ 'ఓపెన్' (ఇంకా తేలలేదు), 'క్లోజ్డ్' (తేలిపోయింది) అని రాసే గడి మీదే.

మా సీనియర్ ముందు నాతో నిమ్రాడ్ రిపోర్టు చదివించింది. 2006 సెప్టెంబర్ 2న అఫ్గానిస్థాన్‌లోని కాందహార్ దగ్గర బ్రిటన్ వైమానిక దళం (ఆర్ఏఎఫ్) నిఘా విమానం నిమ్రాడ్ ఒకటి, గాల్లో ఇంధనం నింపుకున్న కాసేపటికే మంటలు అంటుకుని కూలింది. అందులోని 14 మందీ చనిపోయారు. బయటికి వచ్చిన ఇంధనం వేడి గాలి గొట్టాన్ని తాకి ఉంటుందని దర్యాప్తు తేల్చింది. గాల్లో ఇంధనం నింపే ఏర్పాటు 1982లో ఫాక్‌లండ్స్ యుద్ధానికని హడావుడిగా పెట్టిందే, తర్వాత శాశ్వతమైంది.

2009లో న్యాయవాది చార్లెస్ హాడన్-కేవ్ ఇచ్చిన ఆ రిపోర్టులో మంటల కంటే కాగితాల భాగమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆ విమానానికి సేఫ్టీ కేస్ లేక కాదు, ఉంది! బీఏఈ సిస్టమ్స్ అనే రక్షణ రంగ కంపెనీ తయారు చేసింది. అప్పగించేటప్పటికి 40 శాతానికి పైగా ప్రమాదాలు ఓపెన్‌గానే ఉన్నాయి, 30 శాతానికి పైగా ప్రమాదాలకు వర్గీకరణే లేదు. పని పూర్తయిందన్న అభిప్రాయం మాత్రం కలిగించారు. ముప్పై ఏళ్లుగా ఎగురుతున్న విమానమేగా అన్న ధీమా అందరిదీ. హాడన్-కేవ్ రెండు సంస్థలతో పాటు పదిమంది వ్యక్తులను పేరు పెట్టి మరీ తప్పుపట్టారు. అంతకుముందు తీరు వేరు. 1994లో స్కాట్లండ్‌లోని మల్ ఆఫ్ కిన్‌టైర్‌లో ఆర్ఏఎఫ్ చినూక్ హెలికాప్టర్ కూలి 29 మంది పోతే, మరుసటి ఏడాది ఇద్దరు ఎయిర్ మార్షళ్లు (ఆర్ఏఎఫ్ పెద్ద అధికారులు) నేరమంతా చనిపోయిన పైలట్ల మీద వేశారు. ఆ మచ్చ తొలగడానికి 2011 దాకా పట్టింది. పోయినవాళ్లు ఎదురు చెప్పలేరుగా.

ఇక నా పట్టిక. ఇంధన గొట్టం పక్కనుంచి వెళ్లే వైర్ల కట్ట దగ్గర పీటముడి పడింది. డ్రాయింగ్‌లో మధ్య ఖాళీ బాగానే ఉంది, క్లోజ్ చేసేయొచ్చు. హ్యాంగర్‌లో ప్యానెల్ తీయించి టార్చ్ వేసి చూస్తే, ఒకదాంట్లో వేలు దూరే సందు ఉంది, పక్క హెలికాప్టర్‌లో వైర్లు గొట్టాన్ని ఆనుకునే ఉన్నాయి. "ఏ రెండూ ఒకేలా ఉండవు" అని టెక్నీషియన్ నవ్వేశాడు. అతనికి అది ఎప్పుడూ చూసేదే, మా డ్రాయింగులకే తెలియదు.

ఆ చోట గతంలో లీకులేమైనా వచ్చాయా అని మెయింటెనెన్స్ రికార్డులు అడిగాను. అవి చేతికొచ్చేసరికి వారాలు గడిచాయి. ప్రాజెక్ట్ మేనేజర్‌కు టెన్షన్. "ఇన్నేళ్లుగా ఏమీ కాలేదుగా?" అన్నాడు. నిమ్రాడ్ రిపోర్టులో చదివిన ధీమాయే ఇది! ఆ మాటే మీ పేరుతో లాగ్‌లో రాయమంటారా అని అడిగాను. వద్దన్నాడు. తర్వాత కొన్నాళ్లు మా మధ్య మాటలు తగ్గాయి, అదంత సుఖంగా ఏమీ లేదు.

రికార్డుల్లో ఆ చోట పాత లీకులు కనిపించాయి. వైర్లను పక్కకు పట్టి ఉంచే క్లాంప్ ఒకటి కొత్తగా డిజైన్ చేశాం. స్వతంత్ర ఆడిటర్ దాన్ని చూసి, "ఐదేళ్ల తర్వాత ఈ క్లాంప్ వదులైతే ఎవరు చూస్తారు?" అని ఒకే ప్రశ్న వేశాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తనిఖీ మెయింటెనెన్స్ మాన్యువల్లోకి ఎక్కాకే ముందుకు కదిలాం.

డెలివరీ ఆలస్యమైంది. అప్పటికీ కొన్ని ఓపెన్‌గానే మిగిలాయి. వాటిని మొదటి పేజీలోనే, ఒక్కోదానికి బాధ్యుల పేరుతో రాశాం. కస్టమర్ చదివి, క్లాంప్ బిగించని హెలికాప్టర్లలో మా పరికరం ఆన్ చేయకూడదన్న షరతుతో తీసుకున్నారు. నేను సంతకం పెట్టింది ఆ షరతు కిందే.