యూఎస్‌బీ పోర్టు పోయిందంటే అందులో ఏం పోయినట్టు?

మా తమ్ముడి లాప్‌టాప్ 2013 నాటిది. ఎస్‌ఎస్‌డీ వేయించాక ఇప్పటికీ బాగానే నడుస్తోంది, వాళ్ల పాప దాంట్లోనే క్లాసులు వింటుంది. ఈమధ్య యూఎస్‌బీ పోర్టులు మొరాయిస్తున్నాయని రిపేరు షాపుకి తీసుకెళ్తే, అక్కడి అబ్బాయి పెన్‌డ్రైవ్ పెట్టి తీసి, "అన్నా, మదర్‌బోర్డు పోయింది, దీనికి డబ్బులు పెట్టే బదులు కొత్తది కొనుక్కో" అన్నాడట. ఏం తేడా వచ్చినా మదర్‌బోర్డు (లోపలుండే ప్రధాన సర్క్యూట్ బోర్డు) మీదకి నెట్టేయడం షాపులకి అలవాటే, ఆ మాట అన్నాక ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు కదా. నేను మాత్రం ఆ లాప్‌టాప్‌ని ముందేసుకుని కూర్చున్నాను.

పోర్టు అంటే ఒకే వస్తువు అనుకుంటాం గానీ కాదు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టులో నాలుగు పిన్నులుంటాయి, అటూ ఇటూ ఉన్న రెండూ కరెంటుకి (5 వోల్టులు, గ్రౌండు), మధ్యలోవి డేటాకి. నీలం రంగు నాలుక ఉండే 3.0 పోర్టులో ఆ నాలుగింటినీ అలాగే ఉంచి ఇంకో ఐదు కలిపారు. అందుకే "పనిచేయట్లేదు" అన్న ఒక్క మాటతో ఏమీ తేలదు, ఎలా పనిచేయట్లేదో చూడాలి. పెన్‌డ్రైవ్ లైటు వెలుగుతోంది గానీ డ్రైవ్ కనపడట్లేదంటే కరెంటు వస్తోంది, డేటా దగ్గర తేడా. మౌస్ ఆడుతోంది గానీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ టిక్కు టిక్కుమని మాటిమాటికీ డిస్‌కనెక్ట్ అవుతోందంటే డేటా బాగానే ఉంది, చాలినంత కరెంటు అందట్లేదు (2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, 3.0 అయితే 900). నీలం పోర్టులో అన్నీ పనిచేస్తూ ఒక సినిమా కాపీ అవడానికి యుగం పడుతోందంటే ఆ కొత్త ఐదు పిన్నులు సరిగ్గా తగలట్లేదు, పోర్టు వేగం సెకనుకి 5 గిగాబిట్ల నుంచి 480 మెగాబిట్లకి దిగిపోయింది. ఒక్కోసారి పెన్‌డ్రైవ్‌ని మరీ మెల్లగా తోసినా ఇలాగే అవుతుంది, తీసి ఒక్క ఊపున పెట్టి చూడండి.

ఇదంతా చూసేముందు కేబుల్‌ని అనుమానించండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా వైర్లే ఉండవు, ఇంట్లో డ్రాయర్ నిండా అవే ఉంటాయి.

తర్వాత తప్పు విండోస్‌దా, వస్తువుదా అన్నది తేల్చుకోవాలి. దీనికి నాకు నచ్చిన పద్ధతి, ఉబుంటు (విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించిన పెన్‌డ్రైవ్‌ని అనుమానం ఉన్న పోర్టులోనే పెట్టి లాప్‌టాప్ ఆన్ చేయడం. బూట్ మెనూలో (దేంట్లోంచి సిస్టమ్ లేవాలో ఎంచుకునే జాబితా) అది కనపడి, దాంట్లోంచి సిస్టమ్ లేచిందంటే ఆ పోర్టుకి రోగం ఏమీ లేదు. అప్పుడు విండోస్‌లో డివైస్ మేనేజర్‌కి (లాప్‌టాప్ భాగాలన్నీ కనపడే జాబితా) వెళ్లి యూఎస్‌బీ రూట్ హబ్‌లని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయడం, పవర్ ఆదా కోసం పోర్టుని ఆపేసే టిక్కు తీసేయడం లాంటివి చేసుకోవచ్చు. ఇంకా విండోస్ 7 వాడేవాళ్లుంటే, దాంట్లో 3.0 డ్రైవర్ పుట్టుకతో రాదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక నీలం పోర్టులు చచ్చినట్టు పడుంటే కంగారు పడక్కర్లేదు.

ఉబుంటులో ఇంకో లాభం ఉంది. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే విండో) కెర్నల్ లాగ్ (లోపల జరిగేదంతా సిస్టమ్ రాసుకునే చిట్టా) తెరిచి ఉంచి, పోర్టులో ఏదైనా పెడితే అదే చెప్పేస్తుంది. డిస్క్రిప్టర్ (వస్తువు తానేంటో చెప్పుకునే సమాచారం) చదవలేకపోయానని, పక్కన ఎర్రర్ నంబరు మైనస్ 71 అనో మైనస్ 110 అనో వస్తే వస్తువు తగిలింది గానీ మాట కలవట్లేదు, అంటే మురికో లూజు కాంటాక్టో, లేదంటే ఆ వస్తువే పాడైంది. ఓవర్‌కరెంట్ (మితిమీరిన కరెంటు) అని వస్తే ఎక్కడో షార్ట్ అవుతుండొచ్చు. ఒక్క లైను కూడా రాకపోతే అసలు ఏమీ తగలట్లేదన్నమాట.

మావాడి లాప్‌టాప్‌లో కుడివైపు రెండు పోర్టులకీ ఒక్క లైనూ రాలేదు. ఛార్జర్, బ్యాటరీ తీసేసి పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకున్నాను. చేతబడిలా ఉంటుంది గానీ, ఓవర్‌కరెంట్ వల్ల లాక్ అయిపోయిన పోర్టు ఒక్కోసారి దీంతో లేచి కూర్చుంటుంది. లేవలేదు. పాత యూఎస్‌బీ కేబుల్ ఒకటి కోసి, ఎరుపు నలుపు వైర్ల మధ్య మల్టీమీటర్ పెడితే 5 వోల్టుల చుట్టుపక్కల రావాల్సింది సున్నా వచ్చింది. (మీటర్ వైర్ల మొనలు నేరుగా పోర్టులో దూర్చకండి, రెండు పిన్నులు కలిస్తే అప్పుడు నిజంగానే మదర్‌బోర్డు పోవచ్చు.) వాటి పక్కనున్న మెమరీ కార్డు స్లాట్ కూడా పనిచేయట్లేదని చూశాక విషయం తెలిసిపోయింది. చాలా పాత లాప్‌టాప్‌లలో ఒక పక్క పోర్టులన్నీ ఓ చిన్న విడి బోర్డు మీద ఉంటాయి, దాన్ని మదర్‌బోర్డుకి కలిపేది ఒక సన్నటి రిబ్బన్ కేబుల్. ఒక పక్కవన్నీ ఒకేసారి పోయాయంటే మొదట చూడాల్సింది దాన్నే. బ్యాటరీ తీసి వెనక మూత విప్పితే, ఆ రిబ్బన్ కనెక్టర్‌లోంచి వంకరగా బయటికొచ్చి ఉంది. నల్ల లాక్ పైకెత్తి, రిబ్బన్ తిన్నగా పెట్టి, లాక్ వేశాను. రెండు పోర్టులూ, కార్డు స్లాటూ వచ్చేశాయి. ఒకవేళ ఆ చిన్న బోర్డే పోయినా, దాని మీద ముద్రించిన నంబరు రాసుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట అడిగితే పాత మోడళ్లవి కూడా దొరికే అవకాశం ఉంది.

ఎడమవైపు నీలం పోర్టు మాత్రం నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంది, దాని విషయంలో షాపు అబ్బాయి అన్నది పూర్తిగా తప్పని అనలేను. టార్చి వేసి చూస్తే లోపల దారప్పోగులు, మట్టి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి బ్రష్‌తో తుడిచి ఆరనిచ్చాను (సూదులు, పిన్నీసులు వద్దు, లోపలి పిన్నులు వంగిపోతాయి). ఇప్పుడు పెన్‌డ్రైవ్ కదలకుండా ఉంటే 3.0 వేగం వస్తోంది, కాస్త కదిలితే 2.0కి దిగుతోంది. టంకం వదులైనట్టుంది. మళ్లీ వేయించడం ఈ వయసు లాప్‌టాప్‌కి దండగ, అందులో మౌస్ పెట్టేసుకోమన్నాను.

"అన్నయ్యా, హెచ్‌డీఎంఐ కూడా టీవీకి రావట్లేదు, అదీ విప్పాలా?" అని అడిగాడు. కేబుల్ మార్చి చూడరా అన్నాను. వచ్చింది.