తలసోథెరపీకి మధ్యధరా తీరం వెళ్తున్నారా? ఆరు రోజులు లేకపోతే మానుకోండి

యూరప్ టూరు కాగితంలో “తలసో స్పా, సగం పూట” అని కనబడితే ఆ సగం పూట తీసేయమని ఏజెంటుకు చెప్పి డబ్బు మిగుల్చుకోండి. సముద్రపు నీళ్ళతో చేసే ఈ చికిత్స ఆరు రోజుల లెక్క మీద కట్టింది. రోజుకు మూడు నాలుగు చికిత్సలు, మధ్యలో విశ్రాంతి, మర్నాడు మళ్ళీ అదే వరస. సగం పూటలో దొరికేది ఒక వేడినీళ్ళ కొలను, నాలుగు ఫొటోలు. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి పిల్లల దగ్గరికి ఫ్రాన్సుకో జర్మనీకో వెళ్ళే పెద్దవాళ్ళు ఆ నెలా రెండు నెలల్లో ఒక వారం దీనికి కేటాయిస్తే అర్థం ఉంది. పది రోజుల్లో ఏడు దేశాలు చుట్టేవాళ్ళకు ఇది పనికిరాదు.

వేడి చేసిన సముద్రపు నీరు, నాచు, సముద్రపు బురద, తీరపు గాలి. సరుకంతా ఇదే. 1899లో లూయీ బాగో అనే డాక్టరు ఫ్రాన్సులోని రోస్కాఫ్‌లో కీళ్ళవాతం రోగుల కోసం ఒక కేంద్రం తెరిచాడు. దీన్ని జనంలోకి తెచ్చినవాడు మాత్రం సైకిల్ పందేల వీరుడు లూయిసన్ బోబే. 1953 నుంచి వరసగా మూడేళ్ళు టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఈయన, కారు ప్రమాదం తర్వాత సముద్రపు నీటి చికిత్సతో కోలుకుని, 1964లో కిబెరాన్‌లో సొంత కేంద్రమే పెట్టాడు. ఈ రెండూ ఫ్రాన్సు పడమటి కొసన బ్రిటనీ తీరంలోని ఊళ్ళు. మధ్యధరా ఒడ్డున అయితే ఫ్రాన్సులో ఆంటీబ్, ఫ్రెజూస్, లా గ్రాంద్ మోత్, ట్యునీషియాలో హమ్మామెత్, సూస్, మొనాస్టిర్, జెర్బా దీవి. ట్యునీషియాలో ఖర్చు తక్కువ కాబట్టి ఫ్రెంచి వాళ్ళే అక్కడికి పోతుంటారు.

ఇక నమ్మకాల సంగతి. నీటిలోని మెగ్నీషియం, అయోడిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగి లోపాలన్నీ పూరిస్తాయని బ్రోషర్లు రాస్తాయి. చర్మం ఉన్నదే అలాంటివాటిని లోపలికి రానివ్వకుండా ఆపడానికి. నిజంగా పనిచేసేవి మూడు: వేడి, నీటి ఆసరా, ఆరు రోజుల తీరిక. నడుము లోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడే బరువు సుమారు సగానికి తగ్గుతుంది. ఛాతీ లోతులో మూడోవంతు మిగులుతుంది, మెడ లోతులో పదోవంతు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కి దిగి మోకాళ్ళు పట్టేసుకున్న మనిషి ఛాతీ లోతు నీళ్ళలో నొప్పి లేకుండా గుంజీలు తీయగలిగేది ఇందుకే. ఉప్పు వల్ల పెరిగే ఆసరా రెండు మూడు శాతం మించదు. మధ్యధరాలో లీటరుకు 38, 39 గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్ద నదులన్నీ వచ్చి కలిసే మన బంగాళాఖాతంలో ఇంతకంటే తక్కువ. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తూపిలిపాలెం తీరం తిరుపతి జిల్లాకే వచ్చింది కదా, అక్కడ మునిగితే చాలదా అంటే, చాలదు. తేడా ఉప్పులో లేదు. 32 నుంచి 34 డిగ్రీల మధ్య నిలకడగా ఉండే నీళ్ళు, అలలు లేని కొలను, దిగడానికి కడ్డీ ఉన్న మెట్లు, పక్కన ఫిజియో. ఇవి బీచిలో దొరకవు.

అరుగుదల వచ్చిన మోకాళ్ళు, నడుము బిగుతు, ఆపరేషన్ గాయం పూర్తిగా మానాక మిగిలిన పట్టు, నిద్ర పట్టని అలసట. వీటికి వెళ్ళొచ్చు. షుగరు తగ్గుతుందని, థైరాయిడ్ నయమవుతుందని, పది కిలోలు కరుగుతాయని వెళ్ళకండి. ఆరు రోజులు ఒంటికి నాచు పూసి పట్టీ చుట్టించుకున్న తర్వాత తూకంలో కనబడే తగ్గుదల చెమటగా పోయిన నీరు. ఇంటికొచ్చి రెండు చెంబులు నీళ్ళు తాగితే తిరిగొస్తుంది.

కేంద్రం ఎంచుకోవడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. సముద్రం కనబడే ప్రతి స్పా తలసో కాదు. కొన్నిచోట్ల కుళాయి నీళ్ళలో ఉప్పు కలుపుతారు. ఇటలీలో ఇస్కియా, గ్రీసులో ఎడిప్సోస్ సముద్రం పక్కనే ఉన్నా వాటి పేరంతా భూమిలోంచి ఉబికే వేడినీటి బుగ్గలది, ఆ చికిత్స వేరు. బుక్ చేసే ముందు ఈమెయిల్లో సూటిగా అడగండి. నీళ్ళు సముద్రం నుంచి పైపుతో వస్తున్నాయా, కొలనులో ఎన్ని డిగ్రీలు, మొదటి రోజు డాక్టరు చూస్తారా. తలసో కేంద్రాల కోసం అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 2015లో తెచ్చిన 17680 అనే ప్రమాణం ఉంది, అది పాటిస్తున్నారో లేదో కూడా అడగవచ్చు. జవాబు తిప్పితిప్పి రాస్తే వదిలేయండి.

ప్యాకేజీలో “24 చికిత్సలు” అని చూసి మురిసిపోకండి. అందులో ఒక్కొక్కరికి విడిగా చేసేవి ఎన్ని, అందరినీ కలిపి కొలనులో చేయించే వ్యాయామాలు ఎన్ని, చేత్తో చేసే మసాజ్‌లు ఎన్ని అని విడదీసి అడగాలి. యంత్రం చేసే తడి చికిత్సలు చవక, మనిషి చేసే మసాజ్ ఖరీదు, అందుకే లెక్క మొదటివాటితో నింపుతారు. జంటగా వెళ్తూ ఒకరికే చికిత్స అయితే రెండోవారికి తోడు వచ్చినవాళ్ళ ధర ఉంటుంది, అడిగితేనే చెబుతారు. చాలాచోట్ల ఆదివారం చేరి సోమవారం నుంచి శనివారం దాకా చేయించుకోవడం వాడుక. టైములు ముందు అడిగినవాళ్ళకు ముందు. ఆలస్యం చేస్తే పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి అని చెల్లాచెదురుగా ఇస్తారు, రోజంతా తడి స్నానపు గౌనులో తిరగాల్సిందే. అన్నీ ఒకే పూట వరసగా కావాలని బుకింగ్ నాడే రాసి పెట్టుకోండి.

ఒక పూట ఇలా గడుస్తుంది. ముందు సబ్బు స్నానం, తర్వాత కొలనులో పావుగంట వ్యాయామం. ఆ పైన నీటి ధారల తొట్టి: 36, 37 డిగ్రీల నీళ్ళలో పడుకుంటే పాదాల నుంచి మెడ దాకా ధారలు ఒక్కోచోటే తగులుతూ పోతాయి, 15 నుంచి 20 నిమిషాలు. తర్వాత నాచు పట్టీ. వెచ్చటి నాచు ముద్ద ఒంటికి పూసి, ప్లాస్టిక్ షీటు చుట్టి, పైన దుప్పటి కప్పి 20 నిమిషాలు ఉంచుతారు. గుండె దడ, ఊపిరాడనట్టు అనిపిస్తే ఓర్చుకోకుండా వెంటనే బెల్లు నొక్కండి. మూసిన గది, కదలలేని చుట్టు కొందరికి సరిపడదు, చేతులు బయట ఉంచమని అడిగితే ఉంచుతారు. జెట్ షవరు మరో రకం. మూడు మీటర్ల దూరం నుంచి మనిషి గొట్టంతో నీళ్ళు కొడతారు, కింద నుంచి పైకి. కాళ్ళలో నరాలు ఉబ్బినవాళ్ళు ముందే చెబితే అక్కడ కొట్టరు, చెప్పకపోతే నీలి మచ్చలు తేలతాయి. చివర అరగంట పడక కుర్చీ, ఒక కప్పు మూలికల టీ. ఆ అరగంట ఎగ్గొట్టి ఊరు చూడడానికి పరుగెత్తేవాళ్ళే మూడో రోజుకు కూలబడతారు. మూడో రోజు నీరసం చాలామందికి వస్తుంది, ఆ సాయంత్రం ఏ కార్యక్రమమూ పెట్టుకోవద్దు. రోజుకు లీటరున్నర, రెండు లీటర్ల నీళ్ళు పడాలి. డాక్టరు నీళ్ళు తగ్గించమన్న గుండె, కిడ్నీ రోగులకు ఈ లెక్క వర్తించదు. అసలు వాళ్ళు డాక్టరుని అడగకుండా బయల్దేరకూడదు.

ఎవరు వెళ్ళకూడదో గట్టిగానే చెప్పాలి. గుండె వైఫల్యం, అదుపులో లేని బీపీ, కాళ్ళలో ఈమధ్యే గడ్డకట్టిన రక్తం, మానని పుండ్లు, జ్వరం, చర్మవ్యాధి అంటుకునే దశ ఉన్నవాళ్ళు ఆగాలి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవాళ్ళు, అయోడిన్ పడనివాళ్ళు నాచు జోలికి పోకూడదు. గర్భిణులు వేడి తొట్టికి, పట్టీకి దూరం. పేస్‌మేకర్ ఉంటే కరెంటుతో నడిచే చికిత్సలు వద్దు.

మన ఇళ్ళలో షుగరు ఉన్న పెద్దవాళ్ళు చాలామంది కాబట్టి దాని గురించి రెండు మాటలు ఎక్కువే చెబుతాను. వేడికి చర్మం కింద రక్తం జోరందుకుని ఇన్సులిన్ తొందరగా కలిసిపోతుంది, కొలనులోనే షుగరు పడిపోవచ్చు. ఇంజెక్షన్ వేసుకున్న వెంటనే వేడి తొట్టిలోకి దిగకండి. దిగేముందు ఒకసారి పరీక్షించుకోండి, గ్లూకోజు బిళ్ళలు గౌను జేబులో ఉండాలి. పాదాలకు స్పర్శ తగ్గినవాళ్ళకు నీళ్ళు కాలుతున్నదీ తెలియదు, గచ్చు మీద గీసుకున్నదీ తెలియదు. రబ్బరు చెప్పులు విప్పకండి, పూట అయ్యాక పాదాలు అద్దంలో చూసుకోండి. ఇన్సులిన్ విమానంలో చేతి సంచిలోనే పెట్టుకోవాలి, కింద సామాన్ల గదిలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టరు చీటీ తోడుంచండి. బీపీ మాత్రలు వాడేవాళ్ళకు వేడినీళ్ళలో రక్తనాళాలు వదులై, లేవగానే కళ్ళు తిరుగుతాయి. మెట్టు మీద ఒక నిమిషం కూర్చుని లేవడం అలవాటు చేసుకోవాలి.

బట్టల దగ్గర మనవాళ్ళకు చిక్కు. చుడీదార్, లుంగీ, వదులు నిక్కరు ఫ్రాన్సు కొలనుల్లో నడవవు. మగవాళ్ళకు ఒంటికి పట్టే ఈత డ్రాయరు, అందరికీ తల టోపీ అడుగుతారు. ఆడవాళ్ళు పొడుగు చేతుల ఈత దుస్తులు వేసుకోవాలనుకుంటే కేంద్రం ఒప్పుకుంటుందో లేదో ముందే ఫొటో పంపి అడగడం మేలు. రెండు జతలు ఉండాలి, ఒకటి ఆరేలోపు రెండోది. కొలనులో ఆడా మగా కలిసే ఉంటారు. మసాజ్‌కు ఆడమనిషే కావాలంటే బుకింగ్‌లోనే చెప్పండి.

వెండి మట్టెలు, పట్టీలు తీసి హోటల్ లాకర్లో పెట్టండి. నాచులో, బురదలో ఉండే గంధకానికి వెండి నల్లబడుతుంది. ముత్యాలు, పగడాలు పాడవుతాయి. తాళి తీయడం ఇష్టం లేకపోతే పొట్టిగా ముడివేసి ఈత దుస్తుల లోపలికి దోపండి, లేకపోతే జెట్ ధారకు గొలుసు మెలికపడి మెడకు గీసుకుంటుంది. శనివారం నూనె రాసుకునే అలవాటును ఆ వారం మానాలి, తలనూనెతో కొలనులోకి రానివ్వరు. ప్రయాణానికి ముందు మొక్కు తీర్చుకుని గుండు చేయించుకునేవాళ్ళు వారమన్నా ఎడం ఉంచండి. కత్తి గాట్ల మీద ఉప్పునీళ్ళు పడితే మంట మామూలుగా ఉండదు. పైగా కొత్త గుండు ఎండకు తొందరగా కమిలిపోతుంది, టోపీ తప్పదు.

తిండి విషయంలో ఫ్రాన్సు కంటే ట్యునీషియానే కష్టం, శాకాహారం అనుకున్నదాంట్లో చేప దూరుతుంది. ట్యునీషియా సలాడ్ మీద ట్యూనా వేస్తారు, కుస్‌కుస్ అనే గోధుమ రవ్వ వంటను కూరగాయలతో చేసినా మాంసం రసంతో వండుతారు. మాంసం, చేప, గుడ్డు లేకుండా అని ఫ్రెంచిలో ఒక చీటీ రాయించుకుని వంటవాడికి చూపించండి. హరిస్సా మాత్రం మనవాళ్ళకు బంధువు. ఎండుమిరపకాయ, వెల్లుల్లి, ఆలివ్ నూనెల కారం, రొట్టెలోకి భేషుగ్గా ఉంటుంది. ఇంటి నుంచి కందిపొడి, పచ్చడి సీసాలో సామాన్ల పెట్టెలో తీసుకెళ్ళొచ్చు. కానీ యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి నెయ్యి, పాలకోవా తీసుకుపోకూడదు. చిత్తూరు మామిడిపండ్లు, పచ్చి కరివేపాకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కుదరవు. అరటి, కొబ్బరికాయలకు ఆ పత్రం అక్కర్లేదు.

కాలం అంటే మే, జూన్ లేదా సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం. జులై, ఆగస్టుల్లో యూరప్ మొత్తం అక్కడే ఉంటుంది, ధరలూ అలాగే ఉంటాయి. సెప్టెంబరులో సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది. చికిత్స ఒక్కటే కావాలంటే శీతాకాలం చవక, కొలను నీళ్ళు ఎలాగూ వేడి చేస్తారు. జనవరిలో కొన్ని కేంద్రాలు మరమ్మతులకు మూస్తారు, చూసుకోండి. బయట సముద్రం మన తీరంలా ఎగసిపడదు, ఆటుపోట్లు కూడా బాగా తక్కువ. ఆ నెమ్మది చూసి ఏమరకండి, కొన్నిచోట్ల నాలుగడుగులు వేయగానే లోతు. ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. జెల్లీఫిష్ కుట్టినచోట మంచినీళ్ళు పోయకండి, రుద్దకండి. సముద్రపు నీళ్ళతోనే కడిగి తీరపు రక్షకుల దగ్గరికి వెళ్ళండి.

ఫ్రాన్సుకు షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే వీసా, కావాలి. దరఖాస్తు ఇవ్వడానికి చెన్నై మనకు దగ్గర, చిత్తూరు వాళ్ళకు బెంగళూరూ అందుబాటే. 12 ఏళ్ళు నిండినవాళ్ళకు రుసుము 90 యూరోలు, వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని, రెండు మూడు నెలలు ముందుండండి. ఆ బీమా అత్యవసర వైద్యానికే, స్పా చికిత్సకు రూపాయి రాదు. ట్యునీషియా షెంగెన్‌లో లేదు. మధ్యలో అక్కడికి పోయి మళ్ళీ ఫ్రాన్సులోకి రావాలంటే ఒకటికి మించి సార్లు రానిచ్చే మల్టిపుల్ ఎంట్రీ వీసా అడగాలి.

చివరి చికిత్స నాటి రాత్రే విమానం పెట్టుకోకండి. చెమటకు ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, ఆపైన గల్ఫ్ మీదుగా చెన్నైకి గంటల తరబడి కూర్చుంటే కాళ్ళు వాస్తాయి. ఒక రోజు ఖాళీగా వదిలితే మంచినీళ్ళు తాగి, నాలుగడుగులు నడిచి తేరుకోవచ్చు. తడి ఈత దుస్తులు ఆరడానికీ ఆ రోజు కావాలి.