రూపాయల్లోనా, బాత్‌ల్లోనా?

బ్యాంకాక్ బయల్దేరే ముందు అందరి భయమూ జేబుదొంగల మీదే. నడుముకు పౌచ్, దానికి జిప్, ఆ జిప్‌కు మళ్లీ పిన్నీసు. తీరా లెక్క చూసుకుంటే, ఎక్కువ డబ్బు పోయేది మనమే నొక్కిన బటన్ దగ్గర.

హోటల్ బిల్లు 10,000 బాత్‌లు (థాయ్ కరెన్సీ) అయిందనుకోండి. కార్డు పెట్టగానే మెషిన్ రెండు అంకెలు చూపిస్తుంది: ఒకటి బాత్‌ల్లో, ఒకటి రూపాయల్లో. రూపాయల లెక్క మనకు సులువుగా అర్థమవుతుంది కాబట్టి వేలు అటే పోతుంది. బాత్ రేటు 2.75 ఉన్న రోజున ఆ బిల్లు 27,500 రూపాయలు కావాలి, స్క్రీన్ మీద 29,000 ఉంటుంది. ఆ తేడా మెషిన్ వెనకున్న కంపెనీ వేసుకున్న రేటు. పైగా చాలా బ్యాంకులు, విదేశంలో రూపాయల్లో కట్టినందుకు మళ్లీ 1 శాతం చుట్టుపక్కల ఫీజు వేస్తాయి. అందుకే ఎప్పుడూ బాత్‌ల్లోనే కట్టాలి. క్యాషియర్ మిమ్మల్ని అడగకుండా తనే నొక్కేస్తుంటే ఆపండి. స్లిప్ మీద సంతకం పెట్టే ముందు అందులో టీహెచ్‌బీ (బాత్) అని ఉందో, ఐఎన్ఆర్ (రూపాయి) అని ఉందో చూడండి. ఐఎన్ఆర్ ఉంటే రద్దు చేసి మళ్లీ కొట్టమనండి.

ఏటీఎంలో ఇదే కథ మరో వేషంలో వస్తుంది. ‘యాక్సెప్ట్ కన్వర్షన్’, ‘డిక్లైన్ కన్వర్షన్’ అని రెండు బటన్లు. డిక్లైన్ అంటే డబ్బు రాదేమోనని భయపడి మొదటిది నొక్కేస్తారు. డిక్లైన్ నొక్కినా డబ్బు వస్తుంది; మెషిన్ రేటు బదులు మీ కార్డు రేటు పడుతుంది, అంతే. థాయ్ ఏటీఎంలు విదేశీ కార్డుకు, తీసిన ప్రతిసారీ 220 బాత్‌లో, బ్యాంకును బట్టి ఇంకాస్త ఎక్కువో పట్టుకుంటాయి. వెయ్యి తీస్తే 22 శాతం హారతి కర్పూరం. అదే 20,000 ఒకేసారి తీస్తే 1.1 శాతం. రోజుకింత అని తీయడం ఇంటి దగ్గర పొదుపేమో గానీ అక్కడ దండగ.

ఇక నోట్లు. హైదరాబాద్‌లో బాత్ కొంటే కొనుగోలు, అమ్మకం రేట్ల మధ్య తేడా ఎక్కువ, డాలర్‌కు తక్కువ. అందుకని టాక్సీకి, మొదటి పూట భోజనానికి సరిపడా బాత్‌లు, మిగతావి 100 డాలర్ల నోట్లు పట్టుకెళ్లడం మేలు. బ్యాంకాక్ ఛేంజర్లు 100 నోటుకిచ్చే రేటు 10, 20 నోట్లకు ఇవ్వరు. పెన్ను గీత, స్టాంపు, చిరుగు ఉంటే అసలు తీసుకోకపోవచ్చు. కాబట్టి ఇక్కడ కొనేటప్పుడే ఒక్కో నోటూ తిప్పి చూసుకోండి. మొహమాటం వద్దు. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో దిగగానే అరైవల్స్‌లో కనబడే కౌంటర్ల దగ్గర ఆగకుండా, రైల్ లింక్ స్టేషన్ ఉన్న బేస్‌మెంట్‌కు దిగితే మెరుగైన రేటు దొరుకుతుంది. పాస్‌పోర్టు చేతిలో ఉండాలి.

మన వైపు నిబంధనలు: నోట్ల రూపంలో ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే. 50,000 రూపాయలు దాటిన కొనుగోలుకు నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారానే కట్టాలి. లక్ష రూపాయల మారకానికి జీఎస్టీ 180 రూపాయలు. కాబట్టి రేటెంత అని కాకుండా, ‘అన్నీ కలుపుకొని లక్షకు చేతికెన్ని డాలర్లు?’ అని అడగండి. ఆర్థిక సంవత్సరంలో ఇలా కొన్న మారకం పది లక్షలు దాటితే టీసీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పడుతుంది గానీ, ఐదు రోజుల బ్యాంకాక్‌కు ఆ గొడవ రాదు.

ఫారెక్స్ కార్డులో (ముందే విదేశీ డబ్బు నింపుకునే కార్డు) బాత్ వాలెట్ ఉంటే బాత్‌లే నింపండి. డాలర్లు నింపి బాత్‌ల్లో ఖర్చు పెడితే మళ్లీ మార్పిడి ఛార్జీ పడుతుంది. హోటల్ డిపాజిట్‌కు మాత్రం ఈ కార్డు ఇవ్వొద్దు. పట్టి ఉంచిన మొత్తం, గది ఖాళీ చేశాక కూడా రోజుల తరబడి తిరిగి రాకపోవచ్చు, అది మీ ఖర్చుల డబ్బు. డిపాజిట్‌కు క్రెడిట్ కార్డు ఇస్తే లిమిట్ మాత్రమే బిగుసుకుంటుంది. మామూలు క్రెడిట్ కార్డు మీద మార్కప్ (విదేశీ ఖర్చుపై బ్యాంకు వేసే అదనపు ఛార్జీ) 3.5 శాతం, దానిపై జీఎస్టీ కలిపితే 4.13 అవుతుంది కనుక రోజువారీ ఖర్చులకు వాడకండి.

విదేశీ సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు. కార్డు నంబరు, వెనక మూడంకెలు ఎవరైనా ఫొటో తీస్తే చాలు, దొంగ పని అయిపోతుంది. యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసేటప్పుడు ఆన్‌లైన్‌ను ఆపేసి, స్వైప్, ఏటీఎం మాత్రమే ఉంచండి, లిమిట్ తగ్గించండి. అలర్ట్‌లు రావాలంటే మన సిమ్‌కు రోమింగ్ ముందే ఆన్ అయి ఉండాలి. మీది కాని ఖర్చు కనబడితే ముందు కార్డు బ్లాక్ చేయండి, వెంటనే ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఆలస్యమయ్యే కొద్దీ నష్టంలో మీ వాటా పెరుగుతుంది. రెండు కార్డులూ ఒకే పర్సులో పెట్టుకుంటే ఈ జాగ్రత్తలన్నీ దండగ. ఒకటి గదిలో, ఒకటి మీతో.

బైకో, జెట్‌స్కీయో అద్దెకు తీసుకుంటే పాస్‌పోర్టు తాకట్టు పెట్టకండి. ఉన్న గీతలన్నీ వాళ్ల ముందే వీడియో తీయండి.

తిరిగొచ్చేటప్పుడు మిగిలిన బాత్‌లు మార్చుకుంటే మళ్లీ నష్టమే, నాణేలైతే ఎవరూ తీసుకోరు. చివరి రోజు హోటల్ బిల్లుకు చేతిలో ఉన్న బాత్‌లన్నీ ఇచ్చేసి, తక్కువ పడినది కార్డు మీద గీకమనండి. బాత్‌ల్లోనే.