ఒక సమీక్షకు వచ్చిన ఉత్తరం

కొంతకాలం క్రితం నేను ఒక నవల మీద సమీక్ష రాసి, పుస్తకాలు చదివే మిత్రులకు పంపాను. అందులోని తల్లి పాత్ర కష్టాలన్నీ మౌనంగా భరిస్తుందనీ, రచయిత ఆమెకు గొంతు ఇవ్వలేదనీ ఆ సమీక్షలో కొంచెం గట్టిగానే రాశాను. పది రోజుల తర్వాత, నాకంటే వయసులోనూ చదువులోనూ చాలా పెద్దవారైన ఒక పాఠకురాలి నుంచి ఉత్తరం వచ్చింది. నా సమీక్షలో తమకు నచ్చిన రెండు వాక్యాలను ఎత్తి రాసి, అవి ఎందుకు నచ్చాయో చెప్పిన తర్వాత, ఆవిడ ఇలా రాశారు: "ఆ తల్లి నోరు విప్పలేదన్నారు. ఇల్లు అమ్మే ప్రకరణం చివర ఆమె ఒక మాట అంటుందండీ, వీలైతే మరొక్కసారి చూడండి. మీవంటి శ్రద్ధ గల పాఠకులకే అది వినిపించలేదంటే, రచయిత ఆ మాటను ఎంత మెల్లగా అనిపించారో కదా అనుకున్నాను."

వెంటనే పుస్తకం తీసి చూశాను. ఆ ప్రకరణం మొదటి పుటల్లో నేను పెన్సిలుతో గీసుకున్న గీతలు చాలా ఉన్నాయి. చివరి పుట మాత్రం శుభ్రంగా ఉంది. పూర్తి చేయాలన్న తొందరలో దాన్ని దాటిపోయినట్టున్నాను. అందరూ లేచి వెళ్ళిపోతున్నప్పుడు, తాళంచెవులు తెల్లవారేదాకా తన దగ్గరే ఉండనివ్వమని ఆ తల్లి అడుగుతుంది. ఒకే ఒక్క వాక్యం. దానికి ఎవరూ జవాబు చెప్పరు. ఆ వాక్యం చదివాక, అంతవరకూ నేను మౌనమనుకున్నది నాకు మరోలా కనిపించింది. ఆమె గొంతు లేని మనిషి కాదు, అడిగినా వినిపించుకునేవారు లేని మనిషి. నవల అక్షరం మారలేదు, కానీ నేను చదివిన నవల మారిపోయింది.

సమీక్ష రాసినవారికి "చాలా బాగా రాశారు" అన్న మాట సంతోషమిస్తుంది, అందులో సందేహం లేదు. అయితే ఏ వాక్యం దగ్గర ఆగారో, ఎక్కడ తమ అనుభవం సమీక్షకుడి అనుభవంతో కలిసిందో, ఎక్కడ విడిపోయిందో చెప్పినప్పుడు కలిగే తృప్తి వేరు. రాసినదాన్ని మరొకరు నిజంగా చదివారని అప్పుడే నమ్మకం కుదురుతుంది. ఆవిడ ఉత్తరంలో నన్ను కదిలించినది ఆ "చూడండి" అన్న మాట. మీరు పొరబడ్డారని రాసి ఉంటే నేను నా వాదనను సమర్థించుకోవడానికి కూర్చునేవాడినేమో. చూడమన్నారు గనుక పుస్తకం దగ్గరకు వెళ్ళాను.

సహృదయుడు అన్న మాటను మనం మంచి మనసు గలవాడన్న అర్థంలో వాడేస్తూ ఉంటాం. ఆనందవర్ధనుడు సంస్కృతంలో రాసిన కావ్యశాస్త్ర గ్రంథం ధ్వన్యాలోకానికి వ్యాఖ్యానం రాస్తూ అభినవగుప్తుడు దానికి ఇచ్చిన నిర్వచనం ఇంకా నిశితమైనది. కావ్యాలను పదే పదే చదివిన అభ్యాసం వల్ల అద్దంలా తేటపడిన మనసు గలవారై, వర్ణించిన వస్తువుతో తన్మయం కాగలిగినవారు సహృదయులని ఆయన అంటాడు. వారికి కలిగేది హృదయ సంవాదమంటాడు. సంవాదమంటే ఇప్పుడు మనకు వాదన గుర్తుకొస్తుంది గానీ, అక్కడ ఆ మాటకు ఒకటితో ఒకటి పొసగడమని అర్థం. ఆయన చెప్పినది కావ్యానికీ పాఠకుడికీ నడుమ జరిగే సంవాదం గురించి. ఒకే పుస్తకం చదివిన ఇద్దరు పాఠకుల నడుమ కూడా అటువంటిది సాధ్యమేనని ఆ ఉత్తరం అందిన నాటి నుంచి నేను నమ్ముతున్నాను.

ఈ సందర్భంలో నాకు తరచుగా జ్ఞాపకం వచ్చేది అమెరికన్ రచయితలు హెర్మన్ మెల్విల్, నథానియెల్ హాథార్న్‌ల స్నేహం. 1850 ఆగస్టులో హాథార్న్ కథల మీద మెల్విల్ తన పేరు పెట్టకుండా ఒక దీర్ఘమైన ప్రశంసావ్యాసం 'లిటరరీ వరల్డ్' పత్రికలో ప్రచురించాడు. రాసినది ఎవరో తెలియకుండానే హాథార్న్ దంపతులు దాన్ని చదివి ఎంతో సంతోషించారు. మరుసటి సంవత్సరం మెల్విల్ 'మోబీ డిక్' నవలను హాథార్న్‌కు అంకితమిచ్చాడు. ఆ నవల మీద అదే పత్రికలో వచ్చిన సమీక్ష హాథార్న్‌కు తృప్తినివ్వలేదు. 1851 డిసెంబరు 1న సంపాదకుడైన ఎవర్ట్ డైకింక్‌కు రాసిన ఉత్తరంలో ఆయన నవలను మెచ్చుకుంటూ, మీ పత్రిక సమీక్ష ఇందులోని మేలైన అంశాలకు న్యాయం చేసినట్టు నాకు తోచలేదన్న భావాన్ని ఎంతో మర్యాదగా తెలియజేశాడు. దెప్పిపొడుపు లేకుండా, చెప్పవలసినది దాచకుండా చెప్పడమంటే ఇదే.

అంతకంటే నాకు ఇష్టమైన ఘట్టం మరొకటుంది. హాథార్న్ భార్య సోఫియా ఆ నవల చదివి, రాత్రివేళ దూరాన కనిపించి మాయమయ్యే తిమింగలపు నీటిచిమ్మును గురించిన ప్రకరణంలో తనకు తోచిన అంతరార్థాన్ని మెల్విల్‌కు రాసింది. 1852 జనవరి 8న జవాబు రాస్తూ మెల్విల్, అందులో ఒక సూక్ష్మమైన అర్థముందని తనకు మొదట చూపినది ఆమె మాటేననీ, తాను మాత్రం దాన్ని ఉద్దేశించి రాయలేదనీ ఒప్పుకున్నాడు. రాసినవాడికి కూడా కనిపించనిదాన్ని ఒక పాఠకురాలు చూపింది. చూపినందుకు అతడు సంతోషించాడు.

ఇవన్నీ ఇంత సవ్యంగానే సాగుతాయని చెప్పను. 1940లో పరిచయమై పాతికేళ్ళపాటు పుస్తకాల గురించి ఉత్తరాలు రాసుకున్న అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్, రష్యాలో పుట్టిన నవలాకారుడు వ్లదీమిర్ నబొకొవ్‌ల స్నేహం, పుష్కిన్ కావ్యానికి నబొకొవ్ చేసిన ఇంగ్లీషు అనువాదం మీద 1965లో విల్సన్ రాసిన కఠినమైన సమీక్షతో చెడిపోయింది. ఆ వివాదం గురించి చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

ఇప్పుడు ఆ పెద్దావిడ మరో నవల మీద తాము రాసిన సమీక్ష నాకు పంపారు. ముగింపు తొందరపడినట్టుందని వారి అభిప్రాయం. నేను ఆ నవలను, పక్కనే వారి సమీక్షను పెట్టుకుని చదువుతున్నాను. పాత్రల మాటతీరు గురించి వారు రాసిన పేరా చదివాక, నేను ఒక సంభాషణను మూడుసార్లు వెనక్కి వెళ్ళి చదువుకున్నాను. అంత బాగా పట్టుకున్నారు. ముగింపు విషయంలో మాత్రం నాకు మరోలా తోస్తున్నది. అంతకు రెండు ప్రకరణాల ముందే, వాన వెలిసిన తర్వాత అన్నదమ్ములిద్దరూ వేర్వేరు దారుల్లో నడిచిపోయే చోటే కథ ముగిసిపోయిందేమోనని అనుమానం. ఆ పుటలో చీటీ పెట్టుకున్నాను. రేపు ఆ ప్రకరణం ఇంకొకసారి తీరికగా చదివి, అప్పటికీ అలాగే అనిపిస్తే, అక్కడొకసారి చూడమని వారికి ఉత్తరం రాస్తాను.